పొరుగువారి అరుగుపై మన చద్దరు

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదను సామెతను మనమందరమును ఎరుగుదుము. వర్తకమునకు దీనిని అన్వయించినచో, చెప్పనిదే కొనువాడు రాడని అర్థము. షోలాపురములోని మన నేతవాడలు తరతరములుగ బట్టను నేయుటయందు ఎంత శ్రద్ధ చూపినవో, ఆ బట్టనుగూర్చి నలుగురికి చెప్పుటయందు అంత ఉపేక్ష వహించినవి. నేసినవాడు మగ్గముకడనే నిలిచిపోయెను. చెప్పు పనిని దళారికిని దుకాణదారునికిని వదలివేసెను. ఈ కొరతను తీర్చుకొనుటకు నేడొక సాధనము మన యువకుల చేతికి వచ్చినది. దానినిగూర్చి, మా వాడలో మేము కన్నదియు విన్నదియు జోడించి, ఈ సంచిక చదువరులతో నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

ఆ సాధనము పాడ్‌కాస్టు. ఇది రేడియో ప్రసంగమునకు తోబుట్టువు; అయితే దీనికి ప్రసార సమయమను నిర్బంధము లేదు. మాటలాడినవారు తమ మాటను ఇంటర్నెట్టునందు ఉంచుదురు; వినగోరువారు తమకు తీరికయైనపుడు సెల్‌ఫోనునందు విందురు. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ అను పాత్రికేయుడు ఇంగ్లండులోని గార్డియన్ పత్రికయందు ఈ పదమును ప్రయోగించెను. 2005 జూనులో ఆపిల్ కంపెనీ తన ఐట్యూన్సులో దీనికి చోటిచ్చెను. ఆ సంవత్సరమే న్యూ ఆక్స్‌ఫర్డు అమెరికన్ నిఘంటువువారు దీనిని ఆ యేటి పదముగ ఎన్నుకొనిరి. నాటి వినోదము నేడు సంస్థగ మారినది. 2025 జనవరిలో మన ప్రధానమంత్రియే నిఖిల్ కామత్ అను వర్తకుని పాడ్‌కాస్టునకు అతిథిగ వెళ్లి మాటలాడిరి. తెలుగుననైతే హర్షణీయము వంటివి కథలను, రచయితల ముచ్చటలను చెవికి అందించుచున్నవి; వ్యాపారులను, వృత్తిపనివారిని పిలిచి మాటలాడించునవియు పెక్కు కలవు.

ఇందు చిన్న వర్తకునకు ప్రవేశమెట్లు? తానే పాడ్‌కాస్టు నడపుట ఒక మార్గము. అది వారము వారము చేయవలసిన సేద్యము. వినువారిని కూడగట్టుటకే ఏండ్లు పట్టును. ఇతరులు నడుపుచున్న కార్యక్రమమునకు అతిథిగ వెళ్లుట రెండవ మార్గము. ఆతిథేయుడు శ్రమించి కూర్చుకొన్న శ్రోతలు అచట సిద్ధముగ నుందురు. అతని మాటయందు వారికి గురి కలదు. అతడు గౌరవించి పిలిచిన మనిషిపైనను ఆ గురి కొంత ప్రసరించును. పత్రికలో ప్రకటనకు సొమ్ము చెల్లింపవలెను. మరునాటికది పొట్లము కట్టు కాగితమగును. అతిథి సంభాషణకు సాధారణముగ రుసుము లేదు. గంటసేపు తీరుబడిగ చెప్పుకొనవచ్చును. రెండేండ్ల తరువాత వెదకువానికిని అది దొరకును. పాశ్చాత్య దేశములలో చిన్న వర్తకులు దీనినొక ప్రచార పద్ధతిగ సాధన చేయుచున్నారు. అతిథులను ఆతిథేయులతో కలుపుటకు పాడ్‌మ్యాచ్ వంటి సంస్థలును వెలసినవి. పెండ్లిండ్ల పేరయ్యవలె ఇవి ఇరువురికిని జత కుదుర్చును.

చేతులకు పని, చెవులకు తీరిక—ఈ స్థితిలో నున్నవారే పాడ్‌కాస్టునకు ముఖ్యమైన శ్రోతలు. వంట చేయువారు, బండి నడుపువారు, బట్టలు మడుచువారు దీనిని విందురు. ఈ స్థితి మా వాడకు క్రొత్తది కాదు. మగవారు మగ్గములకు వెళ్లగా ఆడవారు చేటను ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టు వాడ మాది. చుట్టు వ్రేళ్లకు ఒక్క క్షణము విరామముండదు. చెవులు మాత్రము ఏదో యొక కబురు కొరకు ఎదురుచూచుచుండును. సముద్రముల కావల క్యూబా దేశమున చుట్టల కర్మాగారములలో 1865 నుండి ఒక చదువరిని నిలుపుకొను ఆచారము కలదు. అతడు ఎత్తైన పీఠముపై కూర్చుండి పత్రికలను, నవలలను బిగ్గరగ చదువుచుండ, కార్మికులు వినుచు చుట్టలు చుట్టెడివారు. వారు ముచ్చటపడి విన్న మాంటె క్రిస్టో ప్రభువు కథ పేరే 1935లో ఒక చుట్టల రకమునకు పేరై లోకప్రసిద్ధి గాంచెనని చెప్పుదురు. చెవిని పడిన కథకు సరుకును నిలబెట్టు శక్తి కలదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

మనకును ఇట్టి సంప్రదాయము లేకపోలేదు. తెలంగాణమున కూనపులివారు నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటమును వ్రేలాడగట్టి, పద్మశాలీల వాడలలో మార్కండేయుని వంశకథను చెప్పెడివారు. తామరతూడుల నారతో బట్ట నేసిన భావనాఋషి యెవరో, మా యూరిలో ఒక పేటకు తన పేరిచ్చిన భద్రావతి యెవరో మన ముత్తాతలకు పుస్తకమువలన గాక చెవివలననే తెలిసినది. అయితే ఒక భేదము కలదు. నేతవాని కథను ఇతరులు వచ్చి నేతవానికే చెప్పిన కాలమది. నేతవాడే వెళ్లి ఇతరులకు చెప్పవలసిన కాలమిది.

షోలాపురమునకు చెప్పుకొనుటకు కథ కరవు గాదు. ఇచ్చటి తొలి బట్టల మిల్లు 1877లో పని ఆరంభించెను. కరవులకును అప్పులకును తాళలేక నిజాము రాజ్యములోని తెలుగు జిల్లాలనుండి వలసవచ్చిన సాలెకుటుంబములు పట్టణమునకు తూర్పుభాగమున వాడలు కట్టుకొని, మిల్లులలోను ఇంటి మగ్గములపైనను పనిచేసి స్థిరపడినవి. జకార్డు అమర్చిన మగ్గముపై వారు నేసిన దళసరి నూలు చద్దరు ‘షోలాపురము దుప్పటి’ యను పేరుతో తెలుగునాట ఇంటింట ప్రవేశించెను. చలికాలమున దానిని కప్పుకొనని తెలుగు బిడ్డ అరుదు. కాని ఆ దుప్పటిని నేసినవాడు తెలుగువాడని ఎందరెరుగుదురు? శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము కదలినపుడు మా వాడ ఉనికి పట్టణమునకు తెలియును; తక్కిన దినములలో మగ్గముల చప్పుడే మా చిరునామా.

1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టము 2003లో అమలులోనికి వచ్చిన పిమ్మట, 2005-06 సంవత్సరమున షోలాపురము చద్దరునకును, టెర్రీ తువాలునకును ఆ చట్టము క్రింద నమోదు లభించెను. దేశమున మొదట నమోదైన కొలది సరుకులలో ఇవి చేరినవి. అయినను ఇతర ప్రాంతములలో నేసిన సరుకు మన పేరుతో చౌకగ అమ్ముడగుచున్నదని ఇచ్చటి ఉత్పత్తిదారులు మొరపెట్టుకొనుచునేయున్నారు. చట్టము పేరును కాపాడగలదు; ఆ పేరు వెనుకనున్న మనిషిని మాత్రము చూపజాలదు. కొనువానికి ఆ మనిషి తెలిసినపుడే రెండు దుప్పట్ల నడుమ భేదము తెలియును.

మా వాడ యువకుడొకడు, మాకు వరుసకు తమ్ముని కొడుకు, అక్కలకోట రోడ్డు పారిశ్రామిక ప్రాంతమున కొలది పవర్‌లూములపై చద్దరులు, తువాళ్లు నేయించుచున్నాడు. రెండేండ్ల క్రిందట ఒక తెలుగు పాడ్‌కాస్టువారు అతనిని అతిథిగ పిలిచిరి. ఆ దినములలోనే, సొమ్ము చెల్లించినచో ఇంతకన్న పెద్ద కార్యక్రమమున కూర్చుండబెట్టెదమని మరియొకరు కబురంపిరి. ఈ రెండు పిలుపులను మోసుకొని అతడు మాకడకు వచ్చెను. అతనికి సంతోషముకన్న సంకోచమే యెక్కువగ నుండెను.

“కాకా, మనది హైదరాబాదు తెలుగు గాదు గదా. సగం మరాఠీ కలుస్తది. విన్నోళ్లు నవ్వుతరేమో” అనెను.

“నవ్వితే నవ్వనీయిరా. నవ్వెటోడు గూడ వింటనే ఉంటడు గదా. మీ అమ్మతోని ఎట్ల మాట్లాడుతవో అట్లనే మాట్లాడు” అంటిమి.

కొంతసేపు నేల చూచి, మెల్లగ అసలు సంగతి బయటపెట్టెను. “చేనేత అని చెప్పమంటున్నరు దోస్తులు. అట్లంటెనే ధర పలుకుతదట.”

“నీ మగ్గానికి మోటరున్నదా, లేదా?”

“ఉన్నది.”

“మరి అదే చెప్పు.”

ఈ చిన్న ప్రశ్నయందే సమస్తమును ఇమిడియున్నదని మా తలంపు. పాడ్‌కాస్టు అతిథికి లభించునది గంటసేపటి నమ్మకము. దానిని ఒక్క అబద్ధముతో అమ్ముకొనుట తేలిక. చేతితో నేసిన బట్టను గుర్తించుటకు 2006లో కేంద్రప్రభుత్వమువారు చేనేత ముద్రను ప్రవేశపెట్టిరి. చేమగ్గముపై గోడచిత్రములు నేయు నిపుణులు మా పట్టణమున నేటికిని కలరు. ఒక్కొక్క పోగును చేతితో నడుపు ఆ మనిషి నోటికాడి కూడును, మోటరు మగ్గమువాడు ఒక్క మాటతో లాగికొనుట న్యాయమా? మోటరు మగ్గమునందును సిగ్గుపడవలసినది లేదు. తెగిన పోగును క్షణములో పట్టి అతుకు చూపు, నేత పొరపాటును దూరమునుండియే పసిగట్టు చెవి, పన్నెండు గంటలు నిలుచు కాళ్లు—ఇవియును విద్యలే. వీనిని ఉన్నవున్నట్లు చెప్పినచో వినువానికి గౌరవమే కలుగును.

ఇక సొమ్మడిగినవారి సంగతి. సొమ్ము చెల్లించి కూర్చుండుట నేరము కాదు. కాని అపుడది ఆతిథ్యము కాదు, ప్రకటన. ప్రకటనను ప్రకటనయని శ్రోతలకు చెప్పవలెను. భారతీయ ప్రకటనల ప్రమాణ మండలివారు 2021లో డిజిటల్ మాధ్యమములలో ప్రచారకులకు ఈ నియమమును విధించిరి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారును, సొమ్ము గాని మరియే లాభము గాని పుచ్చుకొని చేయు సిఫారసులను స్పష్టముగ వెల్లడింపవలెనని మార్గదర్శకములు ప్రకటించిరి. ఆ కబురంపినవారిని ఈ వెల్లడినిగూర్చి మావాడు అడిగెను. వారు మాట దాటవేసిరి. అతడు ఆ పిలుపును వదలుకొనెను.

తెలుగు పిలుపునకు మాత్రము శ్రద్ధగ సిద్ధపడెను. ముందుగ ఆ కార్యక్రమమున వెలువడిన మూడు సంభాషణలను ఆసాంతము వినెను. ఆతిథేయుడేమి అడుగునో, శ్రోతలకేది రుచించునో గ్రహించెను. చెప్పవలసినవి మూడే కథలని నిర్ణయించుకొనెను: తాత వలసవచ్చిన కథ, తండ్రి కాలమున నష్టము తగిలి మగ్గము లమ్ముకొన్న కథ, చద్దరును పరీక్షించి కొను విధము. సంభాషణ ఫోనుమీదనే జరుగవలసియుండుటచే చప్పుడు లేని గది కావలసివచ్చెను. మా వాడలో అది దొరకుట దుర్లభము. రాత్రి మగ్గములు ఆగిన పిమ్మట, ఇంటి లోపలిగదిలో నాలుగు గోడలకును తన చద్దరులనే వ్రేలాడగట్టి కూర్చుండెను. దళసరి నూలుబట్ట ప్రతిధ్వనిని మ్రింగివేయును. పట్టణములలో ఖరీదైన రికార్డింగు గదులు చేయు పనిని మా చద్దరులు ఆ రాత్రి ఉచితముగ చేసినవి.

ఆ గంటలో అతడు ‘కొనండి’ అను మాటను ఒక్కసారియు అనలేదు. బజారులో చద్దరును కొనునపుడు తిరగవేసి చూడవలెననియు, పైన అద్దిన పూవు వెనుకవైపు వెలవెలబోవుననియు, నేతలో తేలిన పూవు వెనుకవైపునను పోగులలో కనబడుననియు చెప్పెను. తన మగ్గములు మోటరుతో నడచునవని తానే చెప్పి, చేనేత కావలసినవారు ముద్ర చూచి కొనుక్కొనవలెనని హెచ్చరించెను. నష్టపు దినములనుగూర్చి చెప్పునపుడు అతని గొంతు కొంత బొంగురుపోయెను. ఆ చోటనే శ్రోతలు అతనిని తమవానిగ చేసికొనిరని మాకు తోచినది. పొరుగువారు పిలిచి అరుగుపై కూర్చుండబెట్టినపుడు మూట విప్పి బేరము మొదలుపెట్టువానిని రెండవమారు పిలువరు. క్షేమసమాచారములు చెప్పి, చేసెడి పని చెప్పి లేచినచో, ‘మాకును రెండు పంపించు’మని వారే అందురు. ఈ మర్యాద మనకు ఎవరును క్రొత్తగ నేర్పవలసినది కాదు.

ఫలితమేమని చదువరులు అడుగవచ్చును. మొదటి వారమున వచ్చినవి నాలుగే ఉత్తరములు. అతడు నిరాశపడెను. కాని ఈ పద్ధతి మామిడిమొక్కవంటిది. నాటిన నెలకే కాయలు వెదకరాదు. కొన్ని నెలలకు తెలుగునాటనున్న ఒక వసతిగృహమువారు తువాళ్లకు ఆర్డరు పంపిరి. విదేశమున స్థిరపడిన ఒక వృద్ధురాలు, చిన్ననాడు తాను కప్పుకొన్న దుప్పటి అంచును వర్ణించి, అట్టిది నేయగలవా యని అడిగెను. కొన్నవారికి స్వల్పమైన తగ్గింపు నిచ్చుటకు అతడు ఆ కార్యక్రమమునకు మాత్రమే చెల్లు ఒక సంకేతపదమును చెప్పియుండెను. దానివలన ఏ ఆర్డరు ఆ సంభాషణవలన వచ్చినదో లెక్కకు తేలెను. లెక్క పెద్దది కాదు. అయినను దళారి చేయి తగులని ఆర్డరులు ఆ యింటికి రావడము అదే ప్రథమము.

ఈ మార్గమున నడువదలచినవారికి మరికొన్ని హితవులు చెప్పవలసియున్నవి. శ్రోతల సంఖ్యను చూచి మోసపోరాదు. సినిమా కబుర్లు వినుటకు చేరిన ఐదు లక్షలమందికన్న, వసతిగృహములకును ఆసుపత్రులకును బట్టలు కొను ఐదువందలమంది తువాళ్ల వర్తకునకు మేలు. ఆతిథేయునకు ఉత్తరము వ్రాయునపుడు ‘నన్ను పిలువుడు’ అని గాక, ‘మీ శ్రోతలకు ఈ విషయము తెలియును’ అని వ్రాయవలెను. చివర చెప్పు చిరునామా ఒక్కటే యుండవలెను. అది బండి నడుపువానికిని గుర్తుండునంత తేలికగ నుండవలెను. నాలుగు మగ్గములవాడు నలుబది మగ్గముల వాగ్దానము చేయరాదు; ఆలస్యమైన సరుకు ఆ గంట నమ్మకమును హరించును. రంగుల పాళ్లు, ఇతర ఖాతాదారుల పేర్లు ముచ్చట వేడిలో జారవిడువరాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదగునందురు. ఆ నోరు అదుపు తప్పినపుడు కలుగు చిక్కు గొప్పవారికిని తప్పలేదు. 2018 సెప్టెంబరులో అమెరికాలో ఎలన్ మస్క్ జో రోగన్ పాడ్‌కాస్టునకు అతిథిగ వెళ్లి, ముచ్చటల నడుమ గంజాయి చుట్టను పీల్చెను. మరునాడు అతని టెస్లా కంపెనీ వాటా విలువ ఆరు శాతమునకు పైగ పడిపోయెను. ఆ సంస్థ లెక్కల అధికారి రాజీనామా వార్తయు ఆ దినముననే వెలువడినది గనుక, నష్టమంతయు ఆ పొగవలననే యనరాదు. అయినను మైకు ముందట గడపిన గంట అంగడిని నిలుపగలదు, కదలింపగలదు అనుటకు ఇది తార్కాణము.

లాభనష్టముల మాట అటుండనిండు. మాకు అన్నిటికన్న మనసునకు హత్తుకొన్నది వేరొకటి. మా పిల్లలు పెక్కుమంది మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుకొనుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురు. తెలుగు అక్షరములు మాత్రము వారికి రావు. ఈ సంచికనైనను వారి చేతికిచ్చినచో బొమ్మలు చూచి తిరిగి యిచ్చెదరు. మావాని కూతురును అట్టిదే. తండ్రి సంభాషణ వెలువడిన దినమున ఆ బాలిక ఫోనును చెవికి ఆనించుకొని ఆసాంతము వినెను. బీడీలు చుట్టుచున్న నాయనమ్మయు ప్రక్కనే కూర్చుండి వినెను. వంటింటికి, వాకిటికి మాత్రమే పనికివచ్చు భాషయని తాననుకొన్న తెలుగును, ఎక్కడెక్కడివారో చెవియొగ్గి వినుచున్నారని ఆ పిల్లకు ఆ దినమున తెలిసినది. “నాయన మనింట్ల మాట్లాడినట్లే మాట్లాడిండు” అని ఆమె పొంగిపోయెను. అక్షరములు రాని బిడ్డకును చెవులుండును గదా! పుస్తకము చేరలేని చోటికి మాట చేరును. వర్తకము కొరకు పలికిన మాటయైనను అది భాషకు సేవయే.

కావున మా మనవి యొకటి. ప్రవాసమున నున్న మన తెలుగు సంఘములు పండుగలకును సన్మానములకును వేదికలు కట్టుచున్నవి, సంతోషమే. వానితోపాటు సంఘ భవనములలో ఒక చిన్న గదిని మాటల కొరకు కేటాయించినచో బాగుండును. ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక మంచి మైకు, ఒక బల్ల, గోడలకు వ్రేలాడగట్టుటకు ఎనిమిది చద్దరులు చాలును. పిలుపు వచ్చిన నేతగాడు, దర్జీ, మిఠాయి దుకాణదారుడు, ఇంట పచ్చళ్లు పెట్టి అమ్ముకొను ఇల్లాలు అచట కూర్చుండి దూరదేశపు ఆతిథేయునితో తమ పనినిగూర్చి నిబ్బరముగ చెప్పుకొనవచ్చును. తొలిసారి వెళ్లువారికి అనుభవజ్ఞులు ఒక సాయంకాలము ప్రశ్నలు వేసి అలవాటు చేయవచ్చును. చద్దరులు కావలసినచో మా వాడవారు ఇచ్చెదరు, అడుగుటయే తడవు.